ట్యూబ్ ఆంప్ కొనేముందు ఇంట్లో కరెంటు కొలవండి

సంపాదకులకు,

గిటార్ వాయించే కుర్రకారులో చేత్తో వైరింగ్ చేసిన ట్యూబ్ ఆంప్‌ల (పాత రేడియోల్లో లాంటి గాజు వాల్వులతో, అంటే ట్యూబులతో నడిచే ఆంప్లిఫయర్ల) మోజు బెంగళూరులో బాగా పెరిగింది. మోజును తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే గరగరలాడుతూ పలికే ఆ పాతకాలపు నాదం వాల్వుల్లోంచి వచ్చినంత బాగా మరోదాంట్లోంచి రాదు. అయితే లక్షలు పోసి అమెరికా నుంచి తెప్పించుకునేవాళ్లు పెట్టెకు చుట్టిన గుడ్డ రంగుతో సహా అన్నీ ఆరా తీస్తారు, లోపల గోడ కరెంటును అందుకునే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని వోల్టులదో మాత్రం అడగరు. రిపేరు బల్లమీదికి వచ్చేవాటిలో చాలావాటి రోగం అక్కడే.

ముందు ఏది కొనాలన్న సంగతి. చేత్తో కొద్దికొద్దిగా ఆంప్‌లు కట్టే బొటీక్ కంపెనీ ఏదైనా లోపలి సర్క్యూట్‌కు ఒక తాత ఉంటాడు. విక్టోరియా వాళ్లకు పేరు తెచ్చినవి 1950ల ఫెండర్ ట్వీడ్ (పెట్టెకు ట్వీడ్ గుడ్డ చుట్టిన) నమూనాలు. మ్యాచ్‌లెస్ డీసీ-30కి మూలం వాక్స్ ఏసీ30. 1962 నాటి మార్షల్ జేటీఎం45 కూడా ఫెండర్ బాస్‌మ్యాన్‌ను చూసి కట్టిందే. కాబట్టి బోర్డుమీది పేరు పక్కనపెట్టి సర్క్యూట్‌ను ఎంచుకోండి. బ్యాండులో డ్రమ్స్ పక్కన కూడా తేటగా పలకాలంటే 22 వాట్ల డీలక్స్ రివర్బ్ తరహా నయం. ఇంట్లోనే గరగర కావాలంటే ట్వీడ్ డీలక్స్, అంటే 5ఈ3 సర్క్యూట్: రెండు 6వీ6 పవర్ వాల్వులు, ఏసీని డీసీగా మార్చే 5వై3 రెక్టిఫయర్ వాల్వు, 12 నుంచి 15 వాట్లు. అసలు రుచి ఆ రెక్టిఫయర్ దగ్గరుంది. గట్టిగా మీటినప్పుడు అందులో వోల్టేజి కాస్త కుంగి, స్వరం అణిగి, మళ్లీ మెల్లగా లేస్తుంది. కొందరు దాన్ని తీసేసి జీజడ్34 అనే మరో రెక్టిఫయర్ పెడుతుంటారు. కుంగుడు చాలావరకు పోతుంది, పైగా వోల్టేజి పెరిగి 6వీ6ల మీద భారం పడుతుంది. ఆ ఆంప్ కొన్నదే కుంగుడు కోసమైతే ఇదేం పని? గరగర మరీ ఎక్కువనిపిస్తే గిటార్ సిగ్నలు ముందుగా చేరే మొదటి గూట్లో 12ఏఎక్స్7 వాల్వు బదులు 12ఏవై7 పెట్టండి. మొదటిదాని గెయిన్ 100, రెండోదాని గెయిన్ 44. ఫెండర్ వాళ్లు మొదట పెట్టిందీ అదే.

వాట్ల విషయంలో భ్రమలు ఎక్కువ. పవర్ సగానికి తగ్గిస్తే శబ్దం తగ్గేది 3 డెసిబెల్లే. ఒక వాటుకు 100 డెసిబెల్లు ఇచ్చే 12 అంగుళాల స్పీకరుకు 15 వాట్లు పంపితే మీటరు దూరంలో దాదాపు 112 డెసిబెల్లు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగటి హద్దు 55, రాత్రి పది దాటితే 45. మాస్టర్ వాల్యూమ్ తగ్గించి వాయిస్తే సిగ్నలును ముందుగా పెంచే ప్రీఆంప్ గరగర మాత్రమే మిగులుతుంది. పవర్ వాల్వులు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒత్తిడికి లోనైతేనే పాత నాదం. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ఒకే 6వీ6 ఉన్న 5 వాట్ల ఫెండర్ చాంప్ తరహాతోపాటు, ఆంప్‌కూ స్పీకరుకూ మధ్య పవర్ తగ్గించే, ఓమ్స్ కుదిరిన అటెన్యువేటర్ కూడా కొనుక్కోవడం మేలు. స్పీకరు గానీ లోడు గానీ తగిలించకుండా మాత్రం ఆంప్ వాయించకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లోపల నిప్పురవ్వ లేచి కాలిపోతుంది.

ఇక కరెంటు. మల్టీమీటరుతో గోడ ప్లగ్గులో సాయంత్రం ఒకసారి, అర్ధరాత్రి ఒకసారి కొలవండి. 245 కనబడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. ట్రాన్స్‌ఫార్మర్ 220కి చుట్టినదైతే 6.3 వోల్టులుండాల్సిన హీటరు (వాల్వును వేడిచేసే తీగ) 7 వోల్టులకు చేరుతుంది. హద్దు పది శాతం, అంటే 6.9. వాల్వు లోపలి ప్లేటుకు అందే వోల్టేజీ అదే నిష్పత్తిలో ఎగబాకుతుంది. అందుకే ట్రాన్స్‌ఫార్మర్‌కు 240 ట్యాప్ (240 వోల్టులకు తగిలించే తీగ) ఉందా అని అమ్మేవాళ్లను రాతపూర్వకంగా అడగాలి. ఆంప్ వెనక రేకుమీద 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉంటే ఇంకో చిక్కు: మన 50 హెర్ట్జ్‌లో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోరుమీద అయస్కాంత భారం 20 శాతం పెరుగుతుంది. బిగుతుగా కట్టిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే గంటలోపే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. 50/60 అని ఉంటే బెంగ లేదు.

120 వోల్టుల ఆంప్‌కు ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో వోల్టేజి తగ్గించే స్టెప్‌డౌన్ పెట్టె కొనబోతే చేతికిచ్చేది ఎక్కువగా 230 నుంచి 110 చేసేది. మన 245 దగ్గర అది 117 ఇస్తుంది, సరిగ్గా సరిపోతుంది. జపాన్ నుంచి వచ్చిన 100 వోల్టుల ఆంప్‌ను మాత్రం దానికి తగిలించకండి. 15 వాట్ల ఆంప్ గోడనుంచి లాగేది 100 వాట్ల లోపే అయినా పెట్టె 300 వీఏది తీసుకోవాలి. చవక పెట్టెల్లో అవుట్‌పుట్ రెండు పిన్నులే, ఎర్త్ తీగ ఇన్‌పుట్ దగ్గరే ఆగిపోతుంది. అలాంటి పెట్టెతో గిటార్ తీగ పట్టుకుని మైకుకు పెదవి ఆనిస్తే ఎంత షాకు కొట్టగలదో చెప్పనక్కర్లేదు. హమ్ (కరెంటు గుయ్‌మనే శబ్దం) పోతుందని ఎర్త్ పిన్ను పీకేసేవాళ్లకు కూడా ఇదే మాట. చదరపు తరంగం ఇచ్చే చవక ఇన్వర్టరుమీద ఆంప్ బుర్రుమంటే తప్పు ఆంప్‌ది కాదు.

ఆంప్ ఇంటికొచ్చాక బయాస్, అంటే వాయించనప్పుడు పవర్ వాల్వులు లాగే కరెంటు, చూపించాలి. ఇది మెకానిక్ పని. స్విచ్ ఆపినా ఫిల్టరు కెపాసిటర్లలో 350 వోల్టులకు పైగా నిలిచి ఉంటుంది, అది ప్రాణాంతకం. 5ఈ3లో లెక్క ఇలా వేస్తారు. 6వీ6ల ప్లేటు దగ్గర 380, కేథోడు దగ్గర 21 వోల్టులు వచ్చాయనుకోండి. 21ని కేథోడు రెసిస్టరు విలువ 250 ఓమ్స్‌తో భాగిస్తే 84 మిల్లీఆంపియర్లు, ఒక్కో వాల్వుకు 42. వాల్వులోని స్క్రీను వాటా 2 తీసేస్తే 40. దాన్ని ప్లేటుకూ కేథోడుకూ మధ్యనున్న 359తో గుణిస్తే 14.4 వాట్లు. 6వీ6 హద్దు పాత లెక్కలో 12, కొత్త లెక్కలో 14. రెండింటినీ దాటింది కాబట్టి 250 ఓమ్స్ రెసిస్టరు తీసి 300 ఓమ్స్, 5 వాట్లది పెట్టాలి. దాని పక్కనున్న కెపాసిటరు పాత పద్ధతిలో 25 వోల్టులదైతే 50 వోల్టులది వేయించండి. నాదంలో తేడా చెవికి ఆనదు, వాల్వుల ఆయుష్షు మాత్రం పెరుగుతుంది.

కార్బన్ కంపోజిషన్ రెసిస్టర్ల కోసం అదనంగా డబ్బు పోయడం దండగ. తేమకు విలువ మారతాయి, బుస పెరుగుతుంది. వాల్వులకైతే జాలహళ్ళిలోని ప్రభుత్వ సంస్థ బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ఒకప్పుడు చేసినవి పాత రేడియో దుకాణాల్లో దొరికితే వదలొద్దు, కానీ డబ్బా చూసి కాకుండా టెస్టరుమీద పెట్టి చూశాకే కొనండి. పెన్సిలుతో తడితే స్పీకరులో టంగుమనేదాన్ని మొదటి గూట్లో పెట్టకూడదు.

ట్యాప్ మార్చి ఫ్యూజు మార్చని దుకాణాలున్నాయి. 120కి 2 ఆంపియర్లున్న చోట 240కి 1 ఆంపియర్ స్లో-బ్లో పెట్టించుకోండి.

— ఆంప్లిఫయర్ రిపేరు పనివాళ్లం, బెంగళూరు