మురుగు బెడ్డు వాసనొస్తోందంటే ముందు అడుగున ఉన్న బ్లాకు సంగతి అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మురుగు శుద్ధి ప్లాంట్ల దగ్గర వాసన భరించలేకపోతున్నాం అని ఊరూరా జనం మొత్తుకుంటున్న వార్తలు మీ జిల్లా పేజీలో చదువుతూనే ఉన్నాను. ప్రతిసారీ వచ్చే సమాధానం ఒకటే, లోడ్ ఎక్కువైంది, మోటార్లు చాలట్లేదు, కొత్త ప్లాంట్‌కి ప్రపోజల్ పెట్టాం అని. నేను మున్సిపాలిటీ పనుల్లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యాను, డిగ్రీ ఉన్న ఇంజనీర్ని కాదు, కానీ రాళ్ళ ఫిల్టర్ బెడ్డు ఒకటి కట్టడం దగ్గరుండి చూశాను, అదే బెడ్డు తవ్వడం కూడా దగ్గరుండి చూశాను. ఆ తవ్వినరోజు చూసింది ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నా, అందుకే ఈ ఉత్తరం.

ముందు తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రిక్లింగ్ ఫిల్టర్ అంటారు దీన్ని. గుండ్రటి గోడ కట్టి లోపల ఆరేడు అడుగుల ఎత్తున మెటల్ పోస్తారు, అంటే రెండు మూడు అంగుళాల సైజు రాళ్ళు, పైన తిరిగే చేతుల పైపుల్లోంచి మురుగునీళ్ళు చల్లుతారు. ఇంగ్లండ్‌లో సాల్‌ఫర్డ్ ఊళ్ళో 1893 లోనే ఇలాంటిది నడిపారు, అంటే పాత పద్ధతే, కరెంటు తక్కువ తింటుంది కాబట్టి ఇప్పటికీ పనికొచ్చేదే. పేరు ఫిల్టర్ గానీ ఇది వడగట్టదండి, రాళ్ళ మీద జిగురుపొర పడుతుంది చూడండి, దాన్నిండా ఉండే సూక్ష్మజీవులే నీళ్ళలో మురికి తింటాయి. వాటికి తిండితో పాటు గాలి కావాలి. ఆ గాలి రావాలన్నా పోవాలన్నా దారి ఎక్కడుందంటే అడుగున ఉంది, రాళ్ళ కింద వరసగా పేర్చిన డ్రైనేజీ బ్లాకుల్లో.

ఆ బ్లాకు ఎలా ఉంటుందంటే, కింద అరవృత్తం కాలువ, పైన పలకలాగా కన్నాలు. ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే ఈ గోడ నుంచి మధ్య కాలువ దాకా సొరంగాల్లాగా వరసలు తయారవుతాయి. రాళ్ళ మీంచి జారిన నీళ్ళు కన్నాల్లోంచి సొరంగంలో పడి మధ్య కాలువలోకి పోతాయి, అదే సొరంగం పైభాగంలోంచి గాలి నడుస్తుంది. అంటే ఒక్క బ్లాకు మూడు పనులు చెయ్యాలి, రాళ్ళ బరువు మొయ్యాలి, నీళ్ళు పంపించాలి, గాలి ఆడించాలి. మొదటి రెండూ అందరికీ అర్థమవుతాయి, మూడోది ఎవరూ పట్టించుకోరు, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

లెక్క చెప్తాను చూడండి. 20 మీటర్ల వెడల్పు బెడ్డు అనుకుందాం. మధ్య కాలువ నుంచి గోడ దాకా అన్నిటికంటే పొడవైన వరస 10 మీటర్లు, బ్లాకు వెడల్పు 30 సెంటీమీటర్లు, అంటే ఆ వరస 3 చదరపు మీటర్ల రాళ్ళ కింద నీళ్ళు తీసుకుంటుంది. చదరపు మీటరుకి రోజుకి 20 వేల లీటర్లు చల్లారనుకున్నా ఆ వరసలో పారేది రోజుకి 60 వేల లీటర్లు. వినడానికి చాలా అనిపిస్తుంది గానీ సెకనుకి ముప్పావు లీటరు కూడా లేదు, స్నానం చేసే బకెట్టు నిండడానికి ఇరవై సెకన్లు పట్టే ధార. అందుకే సైట్లో ప్రతివాడూ అంటాడు, ఇంత సన్నధారకి ఇంత ఎత్తు కాలువ దేనికండీ, సగానికి తగ్గిస్తే పోలా, ఖర్చు కలిసొస్తుందిగా అని. నేనూ అప్పట్లో అలాగే అనుకున్నాను, నా తప్పు ఒప్పుకుంటున్నా. ఆ పైన ఖాళీ నీళ్ళ కోసం కాదు, గాలి కోసం. ఎంత ఎక్కువ నీళ్ళు వదిలినా కాలువ సగం కంటే నిండకూడదు అని అందుకే పెట్టారు. అమెరికాలో పెద్ద సరస్సుల చుట్టుపక్కల పది రాష్ట్రాలు కలిసి రాసుకున్న ప్రమాణాల్లో ఇది స్పష్టంగా ఉంటుంది, దాంతోపాటు బ్లాకుల పైన కన్నాల మొత్తం వైశాల్యం బెడ్డు వైశాల్యంలో కనీసం 15 శాతం ఉండాలని, బెడ్డు అడుగుభాగం వాలు కనీసం 1 శాతం ఉండాలని కూడా ఉంటుంది. మనం చెప్పుకున్న బెడ్డు వైశాల్యం 314 చదరపు మీటర్లు, అందులో 15 శాతం అంటే 47 చదరపు మీటర్ల కన్నాలన్నమాట. 30 బై 45 సెంటీమీటర్ల బ్లాకు తీసుకుంటే, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు పది సెంటీమీటర్ల పొడవు కన్నాలు ఒక్కో బ్లాకుకి 9 పెట్టాలి, 8 పెడితే లెక్క తప్పుతుంది. ఒక్క కన్నమే కదా అనిపిస్తుంది, బెడ్డంతా కలిపితే రెండు వేల పైచిలుకు కన్నాలు తగ్గిపోతాయి.

ఇంక మేం చేసిన పని చెప్తాను. ఊరు పేరు వద్దు, కాంట్రాక్టరు పేరు కూడా వద్దు. డ్రాయింగ్‌లో గట్టిగా కాల్చిన గ్లేజు మట్టి బ్లాకులు, అంటే పైన గాజులాంటి పూత ఉన్నవి, అని ఉంది. సప్లై లేట్ అయ్యింది, మార్చి దాటితే ఫండ్స్ పోతాయని హడావుడి, సరే సైట్లోనే సిమెంటు బ్లాకులు పోసుకుందాం అన్నారు. అచ్చు తియ్యడం కష్టమవుతోందని, కన్నాల మధ్య సన్నగా ఉన్నచోట విరిగిపోతున్నాయని మేస్త్రీ చెప్తే కన్నాలు తొమ్మిదికి బదులు ఆరు చేశారు, ఎత్తు తొమ్మిదంగుళాలది ఆరంగుళాలు చేశారు. అడుగు కాంక్రీటు వేశాక వాలు ఉందో లేదో లెవెల్ పెట్టి చూసినవాళ్ళు లేరు, కంటికి బాగానే ఉంది అనుకున్నాం. తర్వాత మెటల్ టిప్పర్లతో తెచ్చి గోడ పక్కన ర్యాంపు వేసి నేరుగా బ్లాకుల మీదకే వంచేశారు. నేను అక్కడే ఉన్నాను, పటపటమని చప్పుళ్ళు నా చెవులతో విన్నాను, మెటల్ చప్పుడే అనుకుని ఊరుకున్నాను. మొదటి వరస రాళ్ళు, కాస్త పెద్దవి, నాలుగంగుళాల దాకా ఉన్నవి, మనుషులు చేత్తో పేర్చాలని ఆ తర్వాత ఎప్పుడో ఒక పెద్ద ఇంజనీరు గారు చెప్తే తెలిసింది.

రెండో ఏడాదికే బెడ్డు పైన నీళ్ళు నిలబడటం మొదలైంది. సన్నని ఈగలు, గోడల మీద నల్లగా పరుచుకునేవి, పక్క కాలనీ వాళ్ళు సాయంత్రం కిటికీ తియ్యలేకపోయేవాళ్ళు. పైన రాళ్ళు గడపారతో కదిపారు, క్లోరిన్ కొట్టారు, నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మామూలే. ఆరో ఏట ఇంక లాభం లేదని తవ్వారు. రెండు మీటర్ల ఎత్తు రాళ్ళంటే పైన లెక్కేసిన సైజు బెడ్డులో 900 టన్నుల పైమాటే, పది టన్నుల టిప్పర్లు తొంభై లోడ్లు, అదంతా జిగురు పట్టి నల్లగా తట్టలతో మనుషులే మోశారు. అడుక్కి చేరాక ఒక బ్లాకు అంచు పట్టుకుని లేపబోయాను, చేతిలోకి ముక్క ఊడొచ్చింది, వేళ్ళతో నలిపితే తడి సున్నంలాగా తెల్లగా నలిగింది. గాలి ఆడక మురుగు కుళ్ళితే కుళ్ళిన గుడ్డు వాసన గ్యాసు పుడుతుంది కదా, అది తడిగోడలకి అంటుకుని అక్కడుండే వేరే సూక్ష్మజీవుల వల్ల గంధకామ్లం అవుతుంది, ఆ ఆమ్లం సిమెంటుని తినేస్తుంది. మట్టి బ్లాకుని గట్టిగా కాల్చి గ్లేజు వెయ్యమనేది ఇందుకే, ఆమ్లం దాన్ని ఏమీ చెయ్యలేదు. అంటే కన్నాలు తగ్గించడం వల్ల గాలి తగ్గింది, గాలి తగ్గడం వల్ల గ్యాసు పుట్టింది, ఆ గ్యాసే బ్లాకుని తినేసింది, బ్లాకు కూలి ఉన్న కొంచెం గాలి కూడా ఆగిపోయింది. సొరంగాల్లో రాతిముక్కలూ నల్లబురదా తప్ప ఖాళీ అనేది లేదు.

ఆ బురద తియ్యడానికి దిగినవాళ్ళు రోజుకూలీలు. మ్యాన్‌హోళ్ళలోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించకూడదని 2013 లో చట్టం వచ్చింది, చాలా మంచి చట్టం, కానీ అడుగు బ్లాకు సరిగ్గా చెయ్యని ప్రతి బెడ్డూ ఏదో ఒకరోజు మళ్ళీ మనుషుల్ని ఆ మురుగులో నిలబెడుతుంది. ఆ రోజు పనిలో ఒక కుర్రాడు మధ్యాహ్నం అన్నం బాక్సు తెరిచి, చేతులు నాలుగుసార్లు సబ్బుతో కడుక్కుని వాసన చూసుకుని, మళ్ళీ మూత పెట్టేశాడు.

గాలి గురించి ఇంకో మాట, ఇది మన వాతావరణానికి సంబంధించింది కాబట్టి చెప్తున్నా. ఫ్యాన్ లేకపోయినా బెడ్డులో గాలి దానంతటదే ఎందుకు కదులుతుందంటే లోపలి నీళ్ళకీ బయటి గాలికీ వేడి తేడా ఉంటుంది కాబట్టి. మే నెల మధ్యాహ్నం బయట 42 డిగ్రీలు, మురుగు ఏ 30 డిగ్రీలో ఉంటుంది, లోపలికెళ్ళిన గాలి చల్లబడి బరువెక్కి కిందకి దిగి బ్లాకుల్లోంచి బయటికొస్తుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున దీనికి రివర్సు, నీళ్ళే వెచ్చగా ఉంటాయి, గాలి బ్లాకుల్లోంచి లోపలికెళ్ళి పైకి లేస్తుంది. ఇబ్బందల్లా ముసురు పట్టినప్పుడు, బయటా లోపలా ఒకటే వేడి, గాలి కదలదు. మా బెడ్డు వాసన మీద కంప్లైంట్లు ఎప్పుడూ వానాకాలంలోనే ఎందుకు ఎక్కువొచ్చేవో నాకు ఇన్నేళ్ళకి అర్థమైంది. మనకి ముసురు రోజులు చాలా ఉంటాయి, కాబట్టి కన్నాలూ గాలి గొట్టాలూ పుస్తకంలో కనీసం ఎంత ఉందో అంతకంటే ఎక్కువే పెట్టుకోవాలి గానీ తగ్గించుకోకూడదు. గోడ చుట్టూ ఉండే గాలి గొట్టాల నోళ్ళు పాములొస్తున్నాయని ఇటుకలు పెట్టి మూసేసిన చోట్లు కూడా చూశాను, ఇటుక వద్దండి, జాలీ కొట్టండి చాలు.

ఇప్పుడు రాళ్ళకి బదులు పోసే ప్లాస్టిక్ మీడియా వస్తోంది, తేలిక, ఎత్తుగా కట్టుకోవచ్చు, నిజమే. కానీ చిన్న ఊళ్ళలో రాయి దొరికినంత సుళువుగా అది దొరకదు, దొరికినా దాని కింద కూడా గాలి ఆడే అడుగు కావాల్సిందే. స్వచ్ఛభారత్ కింద పంచాయతీల్లో వాడుకనీళ్ళకి కట్టే చిన్నచిన్న రాళ్ళ బెడ్లకీ అడుగున నీళ్ళు పోయే దారి ముఖ్యమే, లోపల ఖాళీ పెట్టకుండా కంకర కుమ్మరించేసి పైన మొక్కలు నాటి ఫోటో తీసుకుంటే ఏడాది తిరక్కుండా నీళ్ళు పైకి తంతాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చుతో పని కాదు. మెటల్ పొయ్యకముందు ఒక్కరోజు ఆగండి. కుండ కొనేటప్పుడు మనింట్లో ఆడవాళ్ళు వేలితో కొట్టి చూడరా, అలాగే బ్లాకుని చిన్న సుత్తితో కొట్టండి, ఖంగుమంటే కాలింది, బొదబొదమంటే పక్కన పడెయ్యండి. నాలుగు బ్లాకులు ఎండలో ఆరబెట్టి తూకం వేసి, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి మళ్ళీ తూకం వెయ్యండి, బాగా నీళ్ళు పీల్చిందంటే అది పనికిరాదు. బరువు సంగతికొస్తే ఒక్కో బ్లాకు మీద రాళ్ళే 400 కేజీల దాకా పడతాయి, మురుగు బరువు అదనం, కాబట్టి నలుగురు మనుషులు ఎక్కి నిలబడితే చాలదు, బరువుతో నొక్కి చూసే ప్రెస్సు మిషన్లో పెట్టించాలి. తర్వాత వరస చివర డ్రమ్ము నీళ్ళు ఒంపి మధ్య కాలువలోకి మొత్తం వచ్చాయో లేదో చూడండి, మధ్యలో మడుగు కట్టిందంటే వాలు లేదని అర్థం. ఒక చివర టార్చి వేసి రెండో చివర వెలుగు కనపడాలి. అన్నీ అయ్యాక గాలి గొట్టం నోటి దగ్గర అగరొత్తి వెలిగించి పట్టుకోండి, పొగ లోపలికైనా లాగాలి బయటికైనా తొయ్యాలి. ఆ తర్వాతే ఎం బుక్‌లో, అంటే పని కొలతలు రాసే పుస్తకంలో, ఎక్కించి బిల్లు రాయండి. ప్రతి వరస చివరా తెరిచి నీళ్ళు కొట్టి కడిగే వీలు కూడా డ్రాయింగులోనే పెట్టించండి, తర్వాత పెట్టడం కుదరదు.

కొత్త ప్లాంట్లకి టెండర్లు పిలిచే అధికారులు ఈ బ్లాకు పరీక్షని టెండరు షరతుల్లోనే పెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. డ్రాయింగుల ప్రకారం రావాల్సిన మట్టి బ్లాకులు అప్పట్లో శాంపిలుకి రెండు వచ్చాయి, ఒకటి ఇప్పటికీ మా పెరట్లో బావిగట్టు పక్కనే ఉంది, ఎండకీ వానకీ ఇన్నేళ్ళు పడున్నా ఒక్క పెచ్చు లేవలేదు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) ఎవరైనా చూస్తానంటే సంతోషంగా చూపిస్తాను, సుత్తి కూడా నా దగ్గరే ఉంది.

ఇట్లు
ఒక రిటైర్డ్ వర్క్ ఇన్‌స్పెక్టర్,
తూర్పు గోదావరి జిల్లా