ఆ ఖాళీలు నవ్వులకోసం వదిలినవి

సంపాదకులకు,

సెలవుల్లో పిల్లలకు హాలీవుడ్ హాస్యజంట లారెల్-హార్డీ కాలపు రెండు రీళ్ల మాటల చిత్రాలు వేస్తే, ఉన్నది ఇరవై నిమిషాలే అయినా ‘సాగదీశాడు’ అని మధ్యలో కట్టేసేవారున్నారు. తప్పు చిత్రానిది కాదు, వేసే పద్ధతిది.

ఆ జంట చిత్రాలు తీసిన హాల్ రోచ్ స్టూడియోవాళ్లు విడుదలకు ముందే మామూలు థియేటర్లో వేసి, జనం ఎక్కడ ఎంతసేపు నవ్వారో చూసుకుని ఎడిటింగ్ సరిచేసేవారు. తరువాతి మాట నవ్వుల్లో కొట్టుకుపోకుండా జాగా వదిలేవారు. ఫోన్‌లో ఒంటరిగా చూస్తే ఆ జాగా ఖాళీగా కనబడుతుంది. వేగం 1.25 రెట్లకు పెంచితే మరీ ఘోరం. పదిహేనుమందైనా కలిసి కూర్చోవాలి.

మూకీలో పడటాన్ని చూపించి తీరాలి. శబ్దం వచ్చాక ఆ అవసరం పోయింది. హార్డీ పక్కగదిలో పడతాడు, కెమెరా లారెల్ ముఖం మీదే ఉంటుంది. గిన్నెలన్నీ దొర్లిన చప్పుడు, నిశ్శబ్దం, ఆఖర్న ఒక్క మూత టంగుమంటుంది. అసలు నవ్వు ఆ మూతది! ప్రొజెక్టర్‌లోని చిన్న స్పీకర్‌లో అది వినపడదు. విడిగా ఒక స్పీకర్ తెర కిందే పెట్టాలి. ట్రెబుల్ (సన్నని ధ్వనుల మోత) పెంచితే పాత సౌండ్ ట్రాక్ రొద పైకొస్తుంది, కాస్త తగ్గించాలి. బోడిగోడల హాల్లో మాట మారుమోగుతుంది కాబట్టి జంపఖానాలు పరిచి, కిటికీలకు దుప్పట్లు కట్టాలి.

1929-31 మధ్య సౌండ్ ట్రాక్ ఫిల్మ్ అంచును ఆక్రమించడంతో బొమ్మ దాదాపు చదరమైంది. 1932 నుంచి ఎత్తుకు 1.37 రెట్లు వెడల్పు అనే నిష్పత్తి స్థిరపడింది. వెడల్పు తెర నిండా సాగదీస్తే బక్క లారెల్ కూడా హార్డీలా లావెక్కుతాడు, ఇక జోడీలో హాస్యమేముంది? ‘జూమ్’ నొక్కితే టోపీలు తెగిపోతాయి. తెర నిష్పత్తి 4:3 పెట్టి, టీవీలో కదలికల్ని కృత్రిమంగా నునుపు చేసే ‘మోషన్ స్మూతింగ్’ ఆపేయాలి.

పియానోను మెట్లెక్కించే ‘ది మ్యూజిక్ బాక్స్’ (1932) ఆస్కార్ పొందింది, అందరికీ తెలిసిందే. మరుగున పడ్డది అదే స్టూడియో హాస్యనటుడు చార్లీ చేజ్. మన నెల్లూరు రమణారెడ్డి బక్క ఒళ్లు, కాళ్లూ చేతుల విన్యాసం నచ్చినవారికి ఈ పొడుగాయన తప్పక నచ్చుతాడు. ‘ది పిప్ ఫ్రమ్ పిట్స్‌బర్గ్’లో (1931) రాబోయే అమ్మాయిని తరిమేయాలని మాసిన సూటు వేసి, వెల్లుల్లి నమిలి తయారవుతాడు. తీరా వచ్చింది అందాల తార థెల్మా టాడ్!

ఒక జాగ్రత్త. ఆ కాలపు కొన్ని చిత్రాల్లో నల్లజాతివారిని ఎగతాళి చేసే ఘట్టాలున్నాయి. పిల్లలకు వేసేముందు పూర్తిగా చూసుకుని, అలాంటివి పక్కన పెట్టేయండి.

— పాత చిత్రాల అభిమానులు, కావలి