ఒంటి మీది సెన్సర్‌కు తాళం ఏది?

సంపాదకులకు,

అయ్యా,

ఒంటికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్లు, గుండె లయ చూసే పట్టీలు ఎంత కచ్చితంగా కొలుస్తాయని అందరూ అడుగుతారు. ఆ అంకెలు ఇంకెవరి చేతికైనా చిక్కుతున్నాయా, అసలు మన సెన్సర్ నుంచే వస్తున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ.

వీటిలో చాలావాటికి తెర గానీ మీటలు గానీ ఉండవు. అలాంటి పరికరాల కోసం బ్లూటూత్‌లో పిన్ అడగకుండానే జత కలిపే ‘జస్ట్ వర్క్స్’ పద్ధతి ఉంది. ఆ కాసేపట్లో మరో పరికరం మధ్యలో దూరితే పట్టుకునే ఏర్పాటు అందులో లేదు. దూరినవాడు చదివి ఊరుకుంటే గుట్టే పోతుంది. తప్పుడు చక్కెర అంకె పంపితే మాత్రం, దాన్ని నమ్మి నడిచే ఇన్సులిన్ పంపు మోతాదే మార్చేస్తుంది.

ఉత్త భయం కాదిది. దగ్గర్లో ఉన్నవాళ్లు వైర్‌లెస్‌గా సెట్టింగులు మార్చగలరంటూ 2019లో అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ కొన్ని పాత ఇన్సులిన్ పంపుల వాడకందార్లను హెచ్చరించింది. సాఫ్ట్‌వేర్‌తో సరిచేయడం కుదరక పంపులనే మార్చుకోమంది.

పిన్ కొట్టే వీల్లేని పరికరాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. ఒకే ఒంటి మీదున్న రెండు సెన్సర్లకు ఒకే గుండె చప్పుడు అందుతుంది. చప్పుడుకీ చప్పుడుకీ మధ్య విరామంలోని చిన్న తేడాలతో అవి తాళంచెవి లాంటి రహస్య సంకేతం తయారుచేసుకోవచ్చని పరిశోధకులు చూపారు. (కెమెరాతో ముఖం చూసి నాడి లెక్కగట్టే రోజులివి, కాబట్టి అదొక్కటే చాలదనుకోండి.)

బ్యాటరీ ఎన్నాళ్లొస్తుందో పెట్టె మీద గొప్పగా రాస్తారు. భద్రతా అప్‌డేట్లు ఏ ఏడాది దాకా ఇస్తారో కూడా అక్కడే అచ్చువేయాలి. వేయనివాటికి అమ్మకానికి అనుమతి ఇవ్వకూడదు.

– ఒక పాఠకుడు