ఊదే పరీక్షకూ పథ్యం ఉంది

సంపాదకుల వారికి నమస్కారం.

ఊపిరి ఊది జబ్బును కనిపెట్టే పరీక్షల గురించి ఈమధ్య పత్రికల్లో తరచుగా చదువుతున్నాను. సూది పోటు లేదు, గొట్టం మింగే పని లేదు, ఊదితే చాలు అని రాస్తున్నారు. ఆ 'చాలు' అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. మా ఇంట్లో జరిగింది రాస్తున్నాను, దయచేసి ప్రచురించండి.

నేను చెన్నైలోని పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాను. నా భార్యకు రెండేళ్లు కడుపులో ఒకటే మంట. అర్ధరాత్రి లేచి కూర్చుని మజ్జిగ తాగేది. కారం వల్లే అనుకుని ఆవకాయ మానేసింది. నాయుడుపేట నుంచి వాళ్ల అక్క పంపిన జాడీకి కట్టిన గుడ్డ ఏడాది దాకా విప్పలేదు. రక్తం పడటం, బరువు తగ్గడం లాంటివి లేవు కనుక డాక్టరు ముందు యూరియా శ్వాస పరీక్ష రాశారు.

పరగడుపున వెళ్లాం. రేకులా మెరిసే చిన్న సంచి ఇచ్చి ఊదమన్నారు. కట్టెల పొయ్యి ఊదిన అలవాటు కదా, బుగ్గలు పూరించి ఒక్క ఊపున ఊదింది. "మెల్లగా అమ్మా, లోపలి ఊపిరి రావాలి" అన్నాడు ల్యాబు కుర్రాడు. తర్వాత యూరియా కలిపిన నీళ్లు తాగించి, అరగంట కూర్చోబెట్టి, రెండో సంచి ఊదించాడు. ఆ యూరియాలో కార్బన్-13 అనే, మామూలు కన్నా కాస్త బరువైన కార్బన్ గుర్తుగా ఉంటుంది. కడుపులో హెలికోబాక్టర్ పైలోరై సూక్ష్మజీవి ఉంటే యూరియాను విడగొడుతుంది. అప్పుడు పుట్టే, ఆ గుర్తు ఉన్న కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. రెండు సంచుల తేడా చూసి జబ్బు తేలుస్తారు. కడుపు సంగతి ఊపిరి చెప్పడం నాకు ఎంతో గొప్పగా అనిపించింది.

సూక్ష్మజీవి లేదని రిపోర్టు వచ్చింది. నమ్మాం. మరో ఆరు నెలలు ఆమె ఆ మంటతోనే గడిపింది.

చివరికి వేరే డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "పరీక్ష రోజు గ్యాస్ మాత్ర వేసుకున్నారా?" వేసుకుంది. ఆ ఉదయం మాత్ర, గుక్కెడు నీళ్లు అందించింది నేనే. ఒమెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఆ సూక్ష్మజీవిని అణచిపెడతాయి, చంపవు. అందుకే అది లోపల ఉన్నా పరీక్షకు దొరక్కపోవచ్చు. పరీక్షకు ముందు ఆ మాత్రలు రెండు వారాలు, యాంటీబయాటిక్స్ నాలుగు వారాలు వాడకుండా ఉండాలట, అదీ డాక్టరును అడిగి. ల్యాబులో మాకు చెప్పింది ఒక్కటే, ఏమీ తినకుండా రమ్మని.

డాక్టరు చెప్పినట్టు మాత్రలు ఆపి మళ్లీ పరీక్ష చేయిస్తే సూక్ష్మజీవి బయటపడింది. పద్నాలుగు రోజులు మందులు వాడి, అవి అయిన నెల తర్వాత మళ్లీ ఊదింది. ఈసారి నిజంగానే లేదు.

ఇది చిన్న విషయం కాదు. ఈ సూక్ష్మజీవి వల్ల కడుపులో పుండ్లు వస్తాయని నమ్మించడానికి బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని స్వయంగా తాగారు. ఆయనకూ, రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ వచ్చింది. జీర్ణకోశ క్యాన్సరుకు ఇది కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే తేల్చింది. అలాంటిదాన్ని లేదని తప్పుగా రాసిన కాగితం పట్టుకుని ఎంతమంది ఇళ్లకు వెళ్లిపోతున్నారో!

ఉబ్బసానికి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచే పరీక్షకూ, పాలు పడకపోవడాన్ని తేల్చే హైడ్రోజన్ పరీక్షకూ ఇలాగే వాటి పథ్యం వాటికి ఉంది. ముందు తిన్న తిండిని బట్టి కూడా అంకెలు మారతాయి.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. పరీక్ష రాసిన రోజే ఏయే మందులు, ఎన్నాళ్లు ఆపాలో ఒక చీటీ చేతికివ్వాలి. తమిళం, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ ఉండాలి. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వైద్యానికి ఇక్కడికి వచ్చేవాళ్లను సెంట్రల్ స్టేషనులో రోజూ చూస్తున్నాం. ఊదించే ముందు "ఏ మాత్రలు వాడుతున్నారు?" అని ల్యాబులో తప్పకుండా అడగాలి, జవాబు రిపోర్టు మీద రాయాలి. మీ ఆరోగ్య పేజీలో ఈ జాగ్రత్తలు డాక్టరు చేత రాయించి వేయండి. మేము వెళ్లిన ల్యాబుకు ఆ కాగితం నేనే తీసుకెళ్లి గోడకు అంటించమని అడుగుతాను.

— ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, పెరంబూరు, చెన్నై