నాలుగో తెడ్డు

ఒరేయ్ వకీలూ,

రెండు ఉత్తరాలు రాశావు, నేను ఒక్కదానికీ జవాబివ్వలేదు. అలిగే ఉంటావు, క్షమించు. ఇక్కడ అందరం కులాసా. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, పిల్లవాడి పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు తర్వాత. ఇప్పుడు చెప్పబోయే సంగతి నీకు చెబితేగానీ నాకు నిద్ర పట్టదు.

ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ విద్యార్థులు థేమ్స్ నది మీద పడవ పందెం వేసుకుంటారు చూడు, అది రెండు విశ్వవిద్యాలయాల పంతంలోంచి పుట్టిందనే కదా మనం అనుకున్నది? కాదురా! దాన్ని తలపెట్టింది ఇద్దరు స్నేహితులు. చార్లెస్ వర్డ్స్‌వర్త్, చార్లెస్ మెరివేల్. హారో బడిలో కలిసి చదువుకున్నారు. తర్వాత మొదటివాడు ఆక్స్‌ఫర్డ్‌కు, రెండోవాడు కేంబ్రిడ్జ్‌కు వెళ్లారు. బడిలో కలిసి చదివి చెరో కాలేజీకీ పోయిన మనలాగే, అచ్చం!

ఇంకా విను. ఈ వర్డ్స్‌వర్త్ కవి విలియం వర్డ్స్‌వర్త్‌కు స్వయానా తమ్ముడి కొడుకు. ఆ తమ్ముడేమో కేంబ్రిడ్జ్‌లో ట్రినిటీ కాలేజీకి అధిపతి. తండ్రి అక్కడ, కొడుకు ఆక్స్‌ఫర్డ్ పక్షాన. సెలవులకు ఇంటికి పోవడమంటే ఎదుటివాళ్ల కోటలో అడుగుపెట్టడమే. 1827లో లార్డ్స్ మైదానంలో ఈ రెండు విశ్వవిద్యాలయాల మధ్య జరిగిన మొట్టమొదటి క్రికెట్ పోటీ కూడా ఇతని చలవే. ఏడు వికెట్లు తీశాడు. వాన వచ్చి ఆట తేలలేదు. నువ్వయితే ఆ వాన మీద కూడా వాదన వేసేవాడివి.

ఇక పడవ సంగతి. 1829 మార్చి 12న కేంబ్రిడ్జ్ నుంచి సవాలు లేఖ వెళ్లింది. జూన్ 10న థేమ్స్ ఒడ్డునున్న హెన్లీ ఊళ్లో పందెం. హాంబుల్డెన్ లాక్ (నదిలో పడవలు దాటే తూము) దగ్గర మొదలై హెన్లీ వంతెన దాకా, రమారమి రెండుంపావు మైళ్లు. గట్ల మీద వేల మంది జనం. బయలుదేరగానే పడవలు ఒకదానికొకటి తగిలాయి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఈసారి ఆక్స్‌ఫర్డ్ సునాయాసంగా గెలిచింది.

అది కాదురా నన్ను పట్టుకున్నది. ఎనిమిదేసి మంది వరసలో ఎవరెక్కడ కూర్చున్నారో చూశాను. ఆక్స్‌ఫర్డ్ పడవలో నాలుగో తెడ్డు వర్డ్స్‌వర్త్‌ది. కేంబ్రిడ్జ్ పడవలో నాలుగో తెడ్డు ఎవరిదో చెప్పుకో. మెరివేల్‌ది!

ఇప్పుడొకటి ఆలోచించు. తెడ్డు వేసేవాళ్లు వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. చుక్కాని పట్టినవాడొక్కడే ముందుకు చూస్తాడు. అంటే ముందు పోతున్న వర్డ్స్‌వర్త్‌కు తన స్నేహితుడి పడవ కళ్లెదుటే వెనకబడుతూ ఉంటుంది. మెరివేల్‌కు మాత్రం మిత్రుడు కనబడడు. తాను దాటి వచ్చిన నీళ్లే కనిపిస్తాయి. గెలిచేవాడికే ఓడేవాడు కనబడే పందెం అది. చదివిన దగ్గర్నుంచీ నాకు మన రెండు కాలేజీల వక్తృత్వ పోటీ ఆఖరి రోజు గుర్తొస్తోంది. కప్పు అందుకుంటూ నువ్వు మా కాలేజీ వరసల వైపు తిరిగి చూశావు. ఆ చూపు గురించి నిన్ను ఎప్పుడూ అడగలేదు. అప్పుడు నీ మనసులో... సరే, వచ్చినప్పుడు మాట్లాడుకుందాం.

తర్వాత ఇద్దరూ మతాచార్యులయ్యారు. వర్డ్స్‌వర్త్ స్కాట్లాండులో బిషప్పు, మెరివేల్ ఇంగ్లండులోని ఈలీ చర్చికి డీను, అంటే అక్కడి పెద్ద మతాధికారి, పైగా రోమ్ చరిత్రకారుడు. ఆ పందేనికి ఎంత పేరొచ్చినా, దాని మొదట్లో ఈ ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉండాలని నా పట్టుదల. దీనికి మాత్రం నువ్వు అడ్డు వాదన చేయకూడదు.

రెండో పందెం ఏడేళ్లకుగానీ జరగలేదు, 1836లో. కేంబ్రిడ్జ్ జట్టుకు లేత నీలం రంగు ఎలా వచ్చిందో ఆ కథ ఇంకా బాగుంటుంది. పడవ ముందు కట్టడానికి ఒక రిబ్బను కోసం ఎవరో పరుగెత్తారట, అప్పుడు... అయ్యో, టపా కట్టే వేళయింది, టపావాళ్లు పెట్టె తెరుస్తున్నారు. మిగతాది రేపు రాస్తాను. నువ్వు వెంటనే జవాబు రాయి.