పల్లం ఎక్కడుందో ముందు గీయాలి: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం పనిలో ముప్పావు వంతు ఒకే విషయం చుట్టూ తిరిగింది. ఊళ్లో ఏ భూమిలో ఇళ్లు కట్టుకోవచ్చు, ఏది పొలంగా ఉంచాలి, చెరువులు ఎక్కడ తవ్వొచ్చు అన్నదే ఆ విషయం. అందుకే ఈ నివేదిక కూడా ఎక్కువగా దాని గురించే.

సార్వా (వానాకాలపు వరి) నాట్లు పడిన కొద్దిరోజులకే రెండు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసిన వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండో రోజు తెల్లవారేసరికి కాలనీ చివరి వరుస ఇళ్లలోకి నీళ్లు వచ్చేశాయి. ఆఖరి ఇంట్లో ఉండే పెద్దమ్మ గ్యాస్ బండని గోడవారగా పీట మీద పెట్టి, బియ్యం బస్తాని మంచం మీదకి ఎక్కించి, తను గుమ్మంలో నిలబడి ఉంది. "ముప్పై ఏళ్ల నుంచి ఇక్కడే ఉన్నాను బాబూ, వీధిలోకి వచ్చేవి గానీ గడప ఎప్పుడూ దాటలేదు" అంది. అక్కడి నుంచి మేం నలుగురం డ్రెయిన్ (మురుగు కాలువ) మీద ఖానా (కిందనుంచి నీళ్లు పోయే చిన్న వంతెన) దగ్గరకి నడిచి వెళ్లాం. డ్రెయిన్ పొంగి పొర్లుతూ ఉంటుందని అనుకున్నాం. తీరా చూస్తే గట్టుకి ఇంకా మూరెడు కిందే ఉంది నీరు. ఇవతల కాలనీలో మోకాలి లోతు, అవతల డ్రెయిన్‌లో ఖాళీ. అంటే నీళ్లకి డ్రెయిన్‌లో చోటు లేక కాదు, అక్కడిదాకా వెళ్లే దారి లేకే ఇళ్లలోకి వచ్చాయి.

దారి ఏమైందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. కాలనీ వెనక పొలం కొత్త లేఅవుట్ అయ్యింది. రోడ్డుకి సమానంగా మెరక చేశారు. ఆ పొలం గట్టు వెంట పోయే బోదె, అంటే చిన్న నీటి కాలువ, పూడిపోయింది. దాని బదులు ఒకే ఒక్క సన్నటి తూర (గొట్టం) వేశారు, అందులోనూ సగం మట్టే. సుమారు ఆరెకరాల పొలం అది. ఎకరంలో అడుగు లోతున నీళ్లు నిలిస్తే దాదాపు 12 లక్షల 30 వేల లీటర్లు. అంటే ఆ ఒక్క లేఅవుట్‌తోనే 74 లక్షల లీటర్లు నిలిచే చోటు పోయింది. ఇన్నాళ్లూ కాలనీ నీళ్లని ఆ వరిచేను ఒకటి రెండు రోజులు తన మీద పెట్టుకుని, నెమ్మదిగా డ్రెయిన్‌లోకి వదిలేది. ఆ సంగతి పొలం పోయాక గానీ మనకి తెలియలేదు.

కాగితాలు చూస్తే లేఅవుట్ వేసినవాళ్లు బోదె విషయంలో పెద్దగా ఏ రూలూ మీరలేదు. ఇది అందరికీ తెలియాలి. 2017 నాటి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్లు దాటిన వెడల్పున్న కాలువ, వాగు, డ్రెయిన్‌లకి హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్నవాటికి 2 మీటర్లు వదిలితే చాలు. కానీ ఆ రూలు అడ్డం పెట్టాలంటే కాలువ రికార్డులో కనిపించాలి. పోరంబోకు కాలువకి సర్వే నంబరు ఉంటుంది, ఎఫ్ఎంబీలో (సర్వే శాఖ పొలాల కొలతల పటంలో) గీత ఉంటుంది. పట్టా భూమిలోంచి పోయే బోదెకి రెండూ ఉండవు. తాతల నాటి నుంచి ఆ రైతు, ఈ రైతు మాట మీద నడిచిన దారి అది. భూమి చేతులు మారిన రోజునే ఆ మాట పోతుంది. రికార్డులో లేని కాలువని పూడ్చినా రికార్డులో తప్పు కనపడదు.

అందుకని పల్లం మ్యాపు మనమే గీసుకున్నాం. సర్వే ఆఫీసు నుంచి ఎఫ్ఎంబీ నకళ్లు తెచ్చి, రామాలయం మంటపంలో నేల మీద పరిచి, అంచులు కలిపి అతికించాం. పెద్దవాళ్లు వచ్చి నీలం పెన్సిల్‌తో నీళ్లు నిలిచే చోట్లు, బోదెలు, ఖానాలు ఒక్కొక్కటీ గుర్తుపెట్టారు. రెండు చోట్ల నీళ్లు తూర్పుకి పోతాయా పడమరకి పోతాయా అని గంటసేపు వాదన జరిగింది. తర్వాతి వానకి గొడుగులు వేసుకుని వెళ్లి చూస్తే, ఒకచోట వాదించిన ఇద్దరిదీ నిజమే! మామూలు రోజుల్లో తూర్పుకి పోతాయి. అమావాస్య, పౌర్ణమి పోటు సమయంలో కింద డ్రెయిన్ ఎగదన్ని, నీళ్లు పడమరకి తిరుగుతాయి. సముద్రం ఇంత దూరంలో ఉన్నా, మన వీధి చివర నీళ్లు ఎటు పోవాలో అదే నిర్ణయిస్తుంది. ఇలాంటి సంగతి ఏ ఆఫీసు మ్యాపులోనూ ఉండదు. చెప్పగలిగినవాళ్లు మన మధ్య ఉండగానే రాసి పెట్టుకోగలిగాం. ఈ ఏడాది చేసిన పనుల్లో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

ఆ మ్యాపు వెంటనే అక్కరకొచ్చింది. పట్టణాభివృద్ధి సంస్థ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో మన ఊరు కూడా ఉంది. అందులో మెయిన్ రోడ్డుకి దక్షిణం వైపంతా పసుపు రంగు వేశారు, అంటే నివాస జోన్. ఊరి మొత్తానికీ అదే పల్లం. ఉత్తరం వైపు మెరక తోటలకి ఆకుపచ్చ, అంటే వ్యవసాయ జోన్. రోడ్డు పక్కన ఉంది కాబట్టి ఇళ్లు వస్తాయి అనుకుని రంగు వేసినట్టుంది గానీ, నేల ఎత్తుపల్లాలు చూసి వేసినట్టు లేదు. గడువు లోపు మూడు అభ్యంతరాలు రాసిచ్చాం. దక్షిణం వైపు లోతట్టు పొలాలని వ్యవసాయ జోన్‌లోనే ఉంచాలని, పట్టా భూముల్లోని బోదెలని కూడా ప్లాన్‌లో గీతలుగా చూపించాలని, ఎక్కడ మెరక చేసినా పాత బోదె మోసినంత నీటిని మోసే ఖానా కట్టాలని అడిగాం. పల్లం మ్యాపు జత చేశాం. రసీదు తీసుకున్నాం, జవాబు ఇంకా రాలేదు.

ఈ అభ్యంతరాల మీద సంఘంలో గట్టిగానే వాదనలు జరిగాయి. పల్లంలో పొలాలున్న సభ్యులు "మా భూమి ఆకుపచ్చలో పెడితే సెంటు రేటు పడిపోతుంది, ఊరి మంచి కోసం మేమే ఎందుకు నష్టపోవాలి?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పెట్టుబడి రాక, మురుగు తీయక, 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారని మనకి ఒకరు చెప్పాలా? అప్పుడు పొలాలు వదిలినవాళ్లు ఈ గదిలోనే ఉన్నారు. పిల్ల పెళ్లికో చదువుకో పొలం అమ్ముకునే రైతుని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. రెండు సమావేశాల తర్వాత కుదిరింది ఇది: పల్లం పొలాలు ఊరి నీళ్లు మోస్తున్నాయి కాబట్టి డ్రెయిన్ పూడిక, గుర్రపుడెక్క తీత, ఖానాల పని ఏటా ముందు అక్కడే మొదలుపెట్టాలని పంచాయతీని, డ్రెయిన్ల శాఖని కోరదాం. నలుగురు సభ్యులు దీనికీ ఒప్పుకోలేదు. వాళ్ల అభిప్రాయం మినిట్స్‌లో యథాతథంగా రాశాం. నా వరకు నేను, పల్లం రైతుకి ఇంతకంటే ఎక్కువే దక్కాలంటాను. అది ఎలాగో ఇంకా తేల్చుకోలేదు.

ప్లాట్లు కొనేవాళ్లకి ఒక మాట. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకి మార్చడానికి 2006 నాటి చట్టం (నాలా చట్టం అంటాం) కింద కట్టిన ఫీజు రసీదు చూపించి "అన్నీ క్లియర్" అని అమ్మినవాళ్లు ఉన్నారు. ఆ రసీదు లేఅవుట్ అనుమతి కాదు. టౌన్ ప్లానింగ్ వాళ్ల సాంకేతిక ఆమోదం, పదో వంతు ఖాళీ స్థలం, రోడ్లు పంచాయతీకి రాసిచ్చిన దస్తావేజు చూసుకోవాలి. నాలా చట్టాన్నే ఎత్తేయాలని ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. ఇకమీద పొలం ప్లాట్లుగా మారకుండా ఆపేది ప్రధానంగా ప్లాన్‌లోని రంగే. అందుకే ఆ రంగు మీద ఇంత పట్టుబడుతున్నాం.

రొయ్యల చెరువుల సంగతి. మంచినీళ్ల చెరువుకి దగ్గర్లో తవ్వకానికి ఒక దరఖాస్తు వచ్చిందని తెలిసి గ్రామసభలో అభ్యంతరం చెప్పాం. కాలువలకి నీళ్లు ఆపేసిన రోజుల్లో ఊరంతా తాగేది ఆ చెరువు నీళ్లే. ఇప్పటికే ఉన్న చెరువుల్లో రెండింటి యజమానులు పక్క వరిచేల వైపు, చెరువు ఊట పొలంలోకి పోకుండా పట్టే ఊట బోదె తవ్వడానికి ఒప్పుకుని, తవ్వించారు కూడా. వాళ్లకి సంఘం తరఫున కృతజ్ఞతలు.

కానివి కూడా చెప్పాలి. పాత లేఅవుట్‌లో పార్కు స్థలం చుట్టూ వేసిన కంచె అలాగే ఉంది. శ్మశానానికి వెళ్లే పుంత (బాట) ఒకవైపు ఆక్రమణకి గురై, పాడె మోసేవాళ్లు ఒకరి వెనక ఒకరు నడవాల్సి వస్తోంది. అర్జీలు పెట్టాం, కదలిక లేదు. నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా బాధగానే ఉంటుంది. కాలనీ దగ్గర సన్నటి తూర మాత్రం మారింది. లేఅవుట్ వాళ్లు, పంచాయతీ చెరిసగం భరించి ఖానా కట్టారు. తర్వాతి వానకి పెద్దమ్మ గడప తడవలేదు.

కంటి వైద్య శిబిరం, పదో తరగతి పిల్లలకి సాయంకాలం క్లాసులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు రామాలయం నోటీసు బోర్డు మీద పెట్టాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఎవరైనా చూడొచ్చు.

వేసవిలో కాలువలు కట్టేసి బోదెలు ఎండాక, పల్లం మ్యాపుకి లెవెల్స్ (నేల ఎత్తుపల్లాల కొలతలు) తీయించాలని కార్యవర్గం తీర్మానించింది. సర్వేయర్ ఖర్చు సంఘానిది. కర్ర పట్టుకోవడానికి, టేపు లాగడానికి రోజుకి ఆరుగురు కావాలి. ఎండ ముదరకముందే, పొద్దున్నే మొదలుపెడతాం. వచ్చేవాళ్లు కోశాధికారి దగ్గర పేరు, ఏ రోజు వీలో రాయించండి.

ఇట్లు,
కార్యదర్శి