21 రోజుల్లో ఉరి అడిగేవాళ్లకు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఒక బిడ్డ హత్య మీద మా ఊరి సెంటర్లో కొవ్వొత్తుల ర్యాలీ జరిగింది. "21 రోజుల్లో ఉరి తీయాలి" అని ఫ్లెక్సీ కట్టారు. మర్నాడు మీ పత్రికలో అదే మాటతో రెండు లేఖలు వచ్చాయి. బిడ్డను పోగొట్టుకున్నవాళ్ల కోపాన్ని నేను తప్పుపట్టను. నా పేచీ ఆ 21తోనే. గోదావరి జిల్లాల కోర్టుల చుట్టూ 30 ఏళ్లకు పైగా ప్లీడరు గుమాస్తాగా తిరిగినవాణ్ణి.

అమెరికాలోని అలబామాలో ఆంథనీ రే హింటన్ అనే నల్లజాతి యువకుడు 1985లో వాళ్లమ్మ ఇంటి దగ్గర గడ్డి కోస్తుంటే పోలీసులు వచ్చి పట్టుకుపోయారు. అప్పటికి అతనికి 29 ఏళ్లు. ఇద్దరు హోటల్ మేనేజర్లను కాల్చి చంపాడన్నారు. ఆ హత్యలు చూసినవాళ్లు లేరు, వేలిముద్రలు లేవు. మూడో హోటల్లో తూటా తగిలి బతికిన మేనేజరు మాత్రం ఇతనే అన్నాడు. ఆ రాత్రి హింటన్ 15 మైళ్ల అవతల, తాళం వేసిన గోడౌన్‌లో డ్యూటీలో ఉన్నాడు. అయినా వాళ్లమ్మ పాత రివాల్వర్ తెచ్చి, తూటాలు దీనివే అని నిపుణులతో చెప్పించారు. కేసంతా ఆ తూటాల మీదే నిలబడింది.

ఇక ప్లీడరు సంగతి. కోర్టు పెట్టి ఇచ్చిన ప్లీడరు, మన భాషలో స్టేట్ బ్రీఫ్. నిపుణుడికి 1000 డాలర్లకు మించి ఇవ్వరనుకున్నాడు. నిజానికి ఆ పరిమితిని అంతకు ముందే చట్టంలో తీసేశారు, ఆయన చూసుకోలేదు! ఆ డబ్బుకు దొరికినవాడికి ఒక్క కన్నే ఉంది, మైక్రోస్కోపు వాడటం సరిగా రాదు. ప్రభుత్వ ప్లీడరు అతన్ని కోర్టులోనే నవ్వులపాలు చేశాడు. మరణశిక్ష పడింది. 2002లో అసలైన నిపుణులు ముగ్గురు ఆ తూటాలు ఈ తుపాకీవని చెప్పలేమన్నారు. అదే ఏడు వాళ్లమ్మ పోయింది. హింటన్ విడుదలైంది మాత్రం 2015 ఏప్రిల్ 3న. దాదాపు 30 ఏళ్లలో తన పక్క గదుల నుంచి 50 మందికి పైగా మరణశిక్షకు వెళ్లడం చూశాడు. ఇప్పుడు ఊరూరా తిరిగి మరణశిక్ష వద్దని చెబుతున్నాడు.

అది అమెరికా కదా అంటారేమో. మహారాష్ట్రలో ఆరుగురికి 2009లో మన సుప్రీంకోర్టే ఉరి ఖాయం చేసింది. అందులో ముగ్గురికి హైకోర్టు యావజ్జీవంగా తగ్గిస్తే మళ్లీ ఉరికి పెంచింది. 2019లో అదే సుప్రీంకోర్టు ఆరుగురూ నిర్దోషులని వదిలేసి, తలా 5 లక్షలు ఇమ్మంది. మన సంగతికొస్తే, ఆయేషా మీరా హత్య కేసులో 2008లో అరెస్టయి, యావజ్జీవం పడి రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్న సత్యంబాబును 2017లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. అది ఉరే అయి, అప్పటికే అమలై ఉంటే ఆ తీర్పు ఎవరికి వినిపించేవారు?

2019 డిసెంబరులో మన అసెంబ్లీ అత్యాచార కేసులు త్వరగా తేల్చాలని దిశ బిల్లు పాస్ చేసింది. దర్యాప్తుకు 7 పనిదినాలు, విచారణకు 14. తొలి దిశ పోలీస్ స్టేషన్ కూడా రాజమండ్రిలోనే తెరిచారు. బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు గానీ, 21 అంకె మాత్రం జనం నోట్లో ఉండిపోయింది.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. నిందితుడు రొయ్యల చెరువు కాపలావాడు, ప్లీడరును పెట్టుకునే స్తోమత లేదు. ఉదయం పదకొండింటికి ఒక కుర్ర ప్లీడరుకు స్టేట్ బ్రీఫ్ ఇచ్చి, భోజనాలయ్యాక సాక్షుల్ని క్రాస్ చేయమన్నారు. ఆ అబ్బాయి చార్జిషీటు కాగితాలు నా బల్ల మీదే విప్పుకున్నాడు, చేతులు వణుకుతున్నాయి. మధ్యవర్తుల నివేదిక (పంచనామా) మీద సంతకం పెట్టినాయన అసలు ఆ చెరువు గట్టుకు వెళ్లాడో లేదో అడగాలని తట్టలేదు. మూడు ప్రశ్నలు వేసి కూర్చున్నాడు. శిక్ష పడింది. కాపలావాడి భార్య కేరేజీ పట్టుకుని చెట్టు కింద సాయంత్రం దాకా నిలబడింది. వాడు చేశాడో లేదో నాకు తెలియదు. అడగాల్సినవాడు అడగలేదు గనుక కోర్టుకూ తెలిసే దారి లేకపోయింది.

ఇప్పుడు న్యాయ సేవాధికార సంస్థల తరఫున డిఫెన్స్ కౌన్సెల్ పేరుతో పేద నిందితుల కోసం ప్లీడర్లను పెడుతున్నారు, మంచిదే. మన మూడు నాలుగు జిల్లాల్లో వాళ్లు ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరి మీద ఎన్ని కేసులున్నాయి, ల్యాబ్ రిపోర్టు తప్పనిపిస్తే వేరే నిపుణుణ్ణి పిలిపించడానికి డబ్బు ఎవరిస్తారు? మీ విలేకరులు ఒక్కసారి కనుక్కుని రాయండి. ఎన్ని రోజుల్లో తీర్పు రావాలో ఆ తర్వాత మాట్లాడుకుందాం.

– ఒక రిటైర్డ్ ప్లీడరు గుమాస్తా, కోనసీమ